‘ఇల్లు’ అనే మీట

శాంతి దినం 1981

జంటలాకుల సంయుక్త శబ్ద కేంద్రంలో రెండో తరగతి గుమస్తానైన నేను, భ్రమరాంబ, బి.ఎస్సీ. ధ్వనిశాస్త్రం (రెండో శ్రేణి, పరీక్షల మధ్యలో మా హాలు మీద షెల్లు పడింది కాబట్టి మొదటి శ్రేణిగా భావించగలరు), నేటి నుంచి ఈ నమోదు పుస్తకం వెనక పేజీల్లో నా సొంత సంగతులు రాసుకుంటానని ఇందుమూలంగా తెలియజేసుకుంటున్నాను. ముందు పేజీలు ప్రభుత్వానివి. వెనకవి ఎవరూ తిప్పరు.

ఇంట్లో నన్ను ముద్దుగా ‘బాంబూ’ అని పిలిచేవారు. కాల్పుల విరమణ వచ్చాక వీధిలో ఆ పేరుతో కేకెయ్యడం నేరమైంది. ఇప్పుడు ‘అంబ’ని. శాంతి కోసం ఈ ఊళ్ళో త్యాగం చేసినవాళ్ళ జాబితా రాస్తే నన్ను మర్చిపోవద్దు.

పొద్దున పని: బల్ల తుడవడం, హెడ్‌ఫోన్ల దూది మార్చడం, బల్ల మధ్యన సుద్దగీత మళ్ళీ గియ్యడం. గీతకి ఇటువైపు, కాలవకి ఇవతలున్న ఎగువ పక్షం గుమస్తా, అంటే నేను. అటువైపు దిగువ పక్షం గుమస్తా సుగుణమ్మగారు. యాభై ఏళ్ళుంటాయి, చేతిలో ఎప్పుడూ లేసు అల్లిక. గీత గీసే వంతు వారానికొకరిది. ఆవిడ వంతులో గీత నా వైపు అర అంగుళం జరుగుతుంది. నా వంతులో నేను వెనక్కి జరుపుతాను. రెండు సైన్యాలు మూడేళ్ళు కాలవ నీళ్ళ కోసం చేసిన పనిని మేం సుద్దముక్కతో కొనసాగిస్తున్నాం.

కాలవకి అటూ ఇటూ అర కిలోమీటరు లోపల ప్రతి ఇంటి గోడకీ ఒక చెవి బిగించి ఉంటుంది. కొబ్బరిచిప్పంత ఉంటుంది. ఏదైనా పేలినా, ఎవరైనా సొరంగం తవ్వినా, గొంతు పెరిగినా మా బల్ల మీద ఆ ఇంటి నంబరు దీపం వెలుగుతుంది. మేం విని, నిమిషం లోపల ఇద్దరం ఒకే మీట నొక్కాలి. మీటలు ఐదు: టైరు, టపాకాయ, పశువు, ఇల్లు, ఉల్లంఘన. మొదటి నాలుగింట్లో ఏది నొక్కినా దీపం ఆరిపోతుంది. ఐదోది ఎర్రది. గాజు మూత కింద ఉంటుంది. దాన్ని ఇంతవరకూ ఎవరూ నొక్కలేదు. అందుకే కాలవ నీళ్ళు ఆపే లాకు గేటు మీది బోర్డులో ఇవాళ 1981 అని ఉంది.

ఉదయం 11.20కి 88వ దీపం. కంచం పడింది, తర్వాత మెత్తటి దెబ్బ, తర్వాత బిగబట్టిన ఊపిరి. నేను ‘ఇల్లు’ నొక్కాను. సుగుణమ్మగారు అల్లిక ఆపకుండానే ఎడంచేత్తో నొక్కారు. దీపం ఆరింది.

మిగతా మీటల మీద రంగు కొత్తగా మెరుస్తోంది. ‘ఇల్లు’ మీద అరిగిపోయింది.

ఎనభై ఎనిమిది మా ఇల్లే.

శాంతి దినం 1982

మా ఇంట్లో నలుగురం: అమ్మ, అన్నయ్య చక్రధరం, వదిన సత్యవేణి, నేను. అన్నయ్యని ఊరంతా ‘గేటు చక్రధరం’ అంటారు. యుద్ధంలో పదకొండు రోజులు తిండీ నిద్రా లేకుండా లాకు గేటు నిలబెట్టాడు. వదిన పుట్టిల్లు దిగువ. పెళ్ళయిన మూడేళ్ళకి ఊరి మధ్యన, కాలవ పొడుగునా, గీత పడింది. మా డాబా ఎక్కితే వాళ్ళ నాన్నగారి పెంకుటిల్లు కనబడుతుంది. నాలుగు వందల మీటర్లు. వదిన ఆ ఇంటి గడప తొక్కి తొమ్మిదేళ్ళు.

నిన్న నీళ్ళ వాటా చర్చలు మళ్ళీ చెడ్డాయి. రేడియోలో ఆ కబురొచ్చిన పావుగంటకి మా వంటింట్లో కంచం పడింది. దౌత్యం ఇంత వేగంగా మరెక్కడా ప్రయాణించదు.

“ఏమైంది వదినా చెంప?”

“తలుపు తగిలింది.”

“మన తలుపులకి వేళ్ళెప్పుడు మొలిచాయి? అయిదూ కనపడుతున్నాయి.”

వదిన నవ్వబోయి, నొప్పికి ఆపుకుంది. “నవ్వించకే అంబా. అదో బాధ మళ్ళీ.”

అమ్మ పొయ్యి దగ్గర్నుంచి నన్ను గసిరింది. “ఒసే, నెమ్మదిగా ఏడు. గోడకి చెవుంది. మీ అన్నయ్య ఇలాంటోడని అవతలోళ్ళకి తెలిస్తే మన పరువేం కానే?”

“ఆ చెవి దగ్గర కూర్చునేది నేనే కదమ్మా.”

“మరింకేం? నువ్వే సర్దెయ్యొచ్చు.”

సర్దుతూనే ఉన్నాను. ఉద్యోగంలో చేరి పదకొండు నెలలు. ఎనభై ఎనిమిది మీద ‘ఇల్లు’ ఎన్నిసార్లు నొక్కానో ముందు పేజీల్లో ఉంది. ఈ వెనక పేజీల్లో రాసే ధైర్యం లేదు.

పోలీసుల దగ్గరికి వెళ్ళొచ్చుగా అని అడగొచ్చు. ఊరికి ఉన్నది ఒకటే స్టేషను. ఒప్పందంలో అది దిగువ వాళ్ళ వాటాకి పోయింది. ఎగువ ఆడది ఆ మెట్లెక్కితే ద్రోహి. దిగువలో పుట్టిన ఎగువ ఆడదైతే ఇక గూఢచారే.

శాంతి దినం 1986

వాన. నాలుగు ఉరుములు, ఒక గేదె. తీరిక దొరికి ముందు పేజీలు తిరగేశాను. చదువుకున్నదాన్ని కాబట్టి ఒక పట్టిక గీశాను. చర్చలు చెడిన రోజు, జెండా పండగ రోజు, అవతలివాళ్ళు గేటు అరగంట ఆలస్యంగా ఎత్తిన రోజు ‘ఇల్లు’ మీట మామూలుకి మూడింతలు నొక్కాం. అన్నిటికన్నా ఎక్కువ నొక్కింది శాంతి వార్షికోత్సవం నాడు. ఆ రోజు మగాళ్ళందరూ మైదానంలో పాత శత్రువులతో చేతులు కలిపి ఇంటికి పోయారు.

ఇంకో సంగతి. ఈ విషయంలో ఎగువా దిగువా అంకె అంకెకీ సమానం. నీళ్ళు పంచుకోలేకపోయారు గానీ దీన్ని మాత్రం చెరిసగం పంచుకున్నారు.

పట్టిక సుగుణమ్మగారి వైపు తోశాను. గీత దాటిన కాగితం, నియమాల ప్రకారం స్వల్ప చొరబాటు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు.

“మీ వైపు ముప్పయ్యొకటి కూడా తరచూ వెలుగుతుందండి. ఎవరిల్లు?”

“మా పెద్దపిల్లది.” ఆవిడ సూది ఆగలేదు. “నాలుగేళ్ళుగా నొక్కుతున్నాను. నువ్వు పదకొండు నెలలకే పట్టికలు గీస్తున్నావు. చదువు మంచిదే పిల్లా.”

మధ్యాహ్నం తన క్యారేజీలోంచి ఉప్పుచేపల పులుసు గీత ఇవతలికి జరిపారు. నేను తిన్నాను. ఇది ఏ నియమం కిందకి వస్తుందో ఎవరూ అడగలేదు.

శాంతి దినం 1988

ఎగువ సంక్షేమ కమిటీకి వెళ్ళాను. స్టేషను లేని మాకు న్యాయం చెప్పేది ఇదే. అధ్యక్షుడు కొండలరాయుడుగారు. సభ్యులు ఐదుగురు. ఐదో కుర్చీ అన్నయ్యది కాబట్టి, ఆయన పరేడు రిహార్సల్‌కి వెళ్ళిన సమయం చూసి వెళ్ళాను.

“కూర్చో అమ్మా. గేటు చక్రధరం చెల్లెలివి, నీకు నిలబడాల్సిన ఖర్మేంటి?”

విషయం చెప్పాను. ఆయన టీ చల్లారిపోయింది.

“ఎప్పుడూ లేనిది ఇప్పుడేంటమ్మా? ఇంకో పన్నెండు రోజుల్లో రెండువేల శాంతి దినం. మీ అన్నయ్యకి శాలువా. బయటి దేశాల వాళ్ళొస్తున్నారు.”

“అందుకేనండి. శాలువా కప్పేలోపు...”

“చూడమ్మా, అంత యుద్ధం చూసినోడు. లోపల మంట ఉంటది. ఎక్కడో అక్కడ దించుకోవాలి కదా.”

“లాకులో దించుకోమనండి. పన్నెండడుగుల లోతుంది.”

“నీకు వెటకారం ఎక్కువే.” ఆయన గొంతు తగ్గించారు. “ఆ అమ్మాయి ఎక్కడ పుట్టిందో మర్చిపోకు. ఇది బయటికొస్తే అవతలోళ్ళు చంకలు గుద్దుకుంటారు. మనోళ్ళేమో, దిగువది ఎగువ వీరుడి మీద నింద వేసిందంటారు. నలిగేది ఎవరు? ఆ పిల్లే. నీ మేలు కోరే చెబుతున్నా.”

ఈ కమిటీలో నా మేలు కోరనివాడు ఒక్కడూ లేడు. అదే నా భయం.

శాంతి దినం 1990

ఒప్పందం చదివాను. నూటపన్నెండు పేజీలు. ప్రతి ఇంటికీ ఒక ప్రతి పంచారు. మా ఇంట్లో దాని మీద ఆవకాయ జాడీ ఉంటుంది.

మూడో నిబంధన దగ్గర ఆగిపోయాను. ఎవరు ఎవర్ని కొడితే ఉల్లంఘన అవుతుందో అందులో ఉంది. ‘సైనికుడు’ అని రాద్దామంటే మావాళ్ళు ఒప్పుకోలేదట, వాళ్ళది సైన్యం కాదు ముఠా అని. ‘పౌరుడు’ అందామంటే ఏ ప్రభుత్వపు పౌరుడని వాళ్ళు లేచిపోయారట. ‘శత్రువు’ అంటే సంతకాల రోజున బావుండదు. పదకొండు నెలలు ఒక్క మాట కోసం కొట్టుకుని, విసుగెత్తి చివరికి ఇలా రాశారు: గీతకి అర కిలోమీటరు లోపల మనిషి మీద మనిషి వేసే దెబ్బ ఏదైనా ఉల్లంఘనే. కొట్టిన మనిషి అయిదు కిలోమీటర్ల అవతల ఉండాలి. దెబ్బ తిన్న మనిషి సంతకం పెడితే తప్ప తిరిగి రాకూడదు.

పెద్దలు గదుల్లో కూర్చుని మొత్తం యుద్ధాన్ని ఊహించారు గానీ, ఒక వంటింటిని ఊహించలేదు.

సాయంత్రం డాబా మీద వదినా నేనూ ఉప్పునీటిని వడగట్టే జల్లెడ పొరలు కడుగుతున్నాం. సముద్రం ఊళ్ళోకి జరిగాక ప్రతి ఇంట్లోనూ రోజూ ఉన్న పనే. నిబంధన చదివి వినిపించాను. వదిన పొర పిండుతూ వింది.

“అంటే నేను పోవాలా?”

“నువ్వు కాదు వదినా. ఆయన పోవాలి.”

వదిన ఆగింది. పన్నెండేళ్ళ కాపురంలో ఈ సంగతిని అటునుంచి ఎవరూ చెప్పి ఉండరు. సర్దుకుపో అన్నారు, పుట్టింటికి పో అన్నారు, అదేమో గీత అవతల ఉంది. ఆయన్ని పొమ్మన్న మాట ఇదే మొదలు.

“అత్తయ్య ఊరుకోదు.”

“ఊరుకోదు.”

“నీ ఉద్యోగం?”

“పోతే పోయింది. ధ్వనిశాస్త్రం చదివినవాళ్ళకి పెళ్ళిళ్ళలో మైకులు పెట్టే పని ఉంటుంది.”

వదిన తన నాన్నగారి పెంకుల వైపు చూసింది. తర్వాత నా వైపు. “అయితే నేను ఒద్దన్నా నొక్కుతావా?”

“ఊహూఁ. నువ్వు నొక్కమంటేనే.”

పొరని తీగ మీద ఆరేసి, చేతులు చీరకి తుడుచుకుని అంది. “ఈసారి నొక్కు.”

శాంతి దినం 1994, తర్వాత శాంతి దినం 0

మధ్యాహ్నం 12.40. ఎనభై ఎనిమిది.

అన్నయ్య గొంతు: “నా శాలువా మీవాళ్ళ కెప్టెను చేత్తో కప్పిస్తారంట! నీకు సంబరంగా ఉందా? పండగా నీకు?” కుర్చీ పడింది. వదిన ఏదో అంది. తర్వాత ఎండుకొమ్మ విరిగినట్టు ఒక చప్పుడు. వదిన ఎప్పుడూ అరవదు. ఈసారి అరిచింది.

గాజు మూత ఎత్తాను. సుగుణమ్మగారి సూది ఆగింది.

“పిల్లా, అది మీ ఇల్లు.”

“అవునండి.”

“ఎర్రది నొక్కితే బోర్డు సున్నా అవుద్ది. మీ వాళ్ళు నిన్ను బతకనివ్వరు.”

“నలభై సెకన్లున్నాయండి.”

“మావాళ్ళు పాటలు కడతారు, ఎగువ వీరుడి ప్రతాపం పెళ్ళాం మీదని. అందుకోసమైతే నేను చచ్చినా నొక్కను.”

“అందుకోసం కాదండి. మా వదిన చెయ్యి విరిగింది.”

“రేపు ముప్పయ్యొకటి వెలిగితే? నొక్కుతావా?”

“నొక్కుతాను.”

“నేనో?” అన్నారావిడ. ఆ ప్రశ్న నాకు కాదు.

నాకు జోకేమీ తోచలేదు. ఇది నమోదు చేసుకోదగ్గ సంగతి. నా వేలు మీట మీదే ఉంది. గడియారంలో పది. ఏడు. ఆవిడ అల్లిక ఒళ్ళోంచి తీసి బల్ల మీద పెట్టారు. నాలుగు దగ్గర నొక్కారు.

సైరన్ అయిదున్నరేళ్ళుగా మోగలేదు. అందులో పావురాలు కాపురం పెట్టాయి. ముందు ఈకలు వచ్చాయి, తర్వాత పావురాలు, ఆ తర్వాత ఊరంతా వినబడేలా మోత. గేటు మీద 1994 పోయి సున్నా వచ్చింది.

నియమం ప్రకారం తనిఖీకి మా మేజరు, వాళ్ళ కెప్టెను కలిసి తెల్లజెండాతో వెళ్ళాలి. గుమస్తాలు వెంట ఉండాలి. తెల్లజెండా కనబడలేదు. మేజరుగారింట్లో దోమతెరకి అతుకైపోయిందని తేలింది. సుగుణమ్మగారు తన లేసు గుడ్డ ఇచ్చారు. వెదురుకి కట్టుకుని, గులాబీ పువ్వుల అంచు ఊగుతుండగా రెండు సైన్యాలూ మా వీధిలోకి నడిచాయి.

అన్నయ్య గుమ్మంలో నిలబడ్డాడు. “ఏంటిది? ఎవరు కాల్చారు?”

కెప్టెను ఫారం తీశాడు. “ఆయుధం ఏంటండి?”

“ఆయుధమేంటి? నా పెళ్ళాం.”

“ఆయుధం గడిలో పెళ్ళాం అని రాసుకోమంటారా?”

మేజరు దగ్గాడు. టేపు పట్టి కొలిచారు. గీతకి రెండు వందల పన్నెండు మీటర్లు. దెబ్బ తిన్న మనిషిది ఏ పక్షం అన్న గడి దగ్గర బండి ఆగింది. ఎగువ కోడలు కాబట్టి ఎగువేనన్నాడు మేజరు, ఇంటి గొడవగా తేల్చెయ్యొచ్చని. దిగువలో పుట్టింది కాబట్టి దిగువేనన్నాడు కెప్టెను, పెద్ద గొడవ చెయ్యొచ్చని. పావుగంట వాదించుకున్నారు.

వదిన అరుగు మీద కూర్చుని ఉంది. మణికట్టు వంకాయలా ఉబ్బింది. “ఏవండి, ఈ చెయ్యి ఎవరిదో తేలేలోపు కట్టు కట్టిస్తారా?”

ఇద్దరూ ఆ గడి ఖాళీగా వదిలేసి సంతకాలు పెట్టారు.

అయిదు కిలోమీటర్ల అవతల దింపే జీపు ఎక్కే ముందు అన్నయ్య నా దగ్గర ఆగాడు. “నువ్వేనా?”

“నేనూ, ఆవిడా. ఒక్కరే నొక్కితే పనిచెయ్యదు అన్నయ్యా.”

నాకు సైకిలు నేర్పింది ఆయనే. ఆ పదకొండు రోజుల్లో లాకు దగ్గర ఆపింది మా ఇంటి మీద పడాల్సిన దాడినే. అది నేను కొట్టెయ్యను. వదిన చెయ్యి కూడా కొట్టెయ్యను. రెండూ రాసి పెడుతున్నాను.

అమ్మ ఆ పూట నాకు అన్నం పెట్టలేదు.

శాంతి దినం 0 (నాలుగోసారి)

మర్నాడే ముప్పయ్యొకటి వెలిగింది. నేను ముందు నొక్కాను. సుగుణమ్మగారు వెంటనే నొక్కి, నొక్కిన వేలు నోట్లో పెట్టుకున్నారు, కాలినట్టు. మధ్యాహ్నానికి అల్లుణ్ణి తీసుకుపోయారు. తర్వాత క్యారేజీ విప్పి, “ఇవాళ కూరలో ఉప్పు మర్చిపోయాను, తిను,” అన్నారు.

తర్వాత రోజు రెండు ఇళ్ళు. ఊళ్ళో తెలిసిపోయింది. ఇప్పుడు ఆడవాళ్ళు చెవి ఉన్న గోడ పక్కకి పొయ్యిలు జరుపుకుంటున్నారు.

ఇవాళ కొండలరాయుడుగారు మా ఇంటికి వచ్చారు, కాగితంతో. వదిన సంతకం పెడితే అన్నయ్య రెండువేల దినం వేడుకకి వస్తాడు. బోర్డు మీద సున్నా ఉన్నా వేడుక ఆగలేదు. శాలువా కొనేశారు కదా.

“పెట్టు తల్లీ. ఊరి పరువు నీ చేతిలో ఉంది.”

వదిన పిండికట్టు చూపించింది. “ఆ చెయ్యే విరిగిందండి.”

“పోనీ ఎడంచేత్తో వేలిముద్ర వెయ్యి.”

“శుభమా అని శాలువా కప్పుతుంటే ఎడంచెయ్యేంటండి, బావుండదు.”

“సత్యవేణీ, వేళాకోళం కాదు.”

“నేనూ కాదండి.” వదిన లేచి నిలబడింది. “ఎముక అతకడానికి ఆరు వారాలన్నాడు డాక్టరు. అతికాక కూడా పెట్టను. మీకు ఆరు వారాల తిరుగుడు ఎందుకని ఇప్పుడే చెప్తున్నా.”

అమ్మ లోపలి గదిలోంచి బయటికి రాలేదు. టీ కూడా పంపలేదు. అది ఎవరి మీద కోపమో నాకు అర్థం కాలేదు.

శాంతి దినం 0 (పదకొండోసారి)

శాలువాని ఖాళీ కుర్చీకి కప్పారు. బయటి దేశాల వాళ్ళు చప్పట్లు కొట్టారు. కుర్చీ వినయంగా స్వీకరించింది.

దానికన్నా పెద్ద వార్త: ఎగువ, దిగువ పెద్దలు అత్యవసరంగా కలిశారు. నీళ్ళ మీద అయిదున్నరేళ్ళుగా కుదరని ఏకాభిప్రాయం గంటలో కుదిరింది. మూడో నిబంధనకి ‘ఇంటి లోపల వేసిన దెబ్బ మినహా’ అని సవరణ చెయ్యాలట. రెండు వైపుల నుంచీ పంపేసిన మగాళ్ళు అయిదు కిలోమీటర్ల అవతల ఒకే సత్రంలో పడుకుంటున్నారట, పక్కపక్క మంచాల మీద. సత్రం వాడు గీత గియ్యడానికి సుద్ద లేదన్నాడట.

నా ఉద్యోగం ఇంకా ఉంది. ఒక గుమస్తాని తీసెయ్యాలంటే రెండు ప్రభుత్వాలూ ఒప్పుకోవాలి. అర్జీ ముందు పెట్టినవాళ్ళు బలహీనంగా కనబడతారని ఎవరూ పెట్టడం లేదు.

సవరణ కూడా ఆగింది. ‘ఇల్లు’ అంటే ఏది? యుద్ధంలో ఇటు వదిలి అటు పోయిన వాళ్ళవి, అటు వదిలి ఇటు వచ్చిన వాళ్ళవి మొత్తం మూడు వందల ఇళ్ళు ఎవరివో ఇంకా తేలలేదు. ఇల్లు అని రాస్తే ఎవరి ఇల్లని దిగువ అడిగింది. కూర్చున్నవాడిదని ఎగువ అంది. కట్టినవాడిదని దిగువ అంది. కుర్చీలు విరిగాయి.

“ఎంతకాలం పడుద్దంటావు?” అడిగారు సుగుణమ్మగారు.

“మనిషికి పదకొండు నెలలు పట్టిందండి. ఇంటికి ఇంకా ఎక్కువే పట్టాలి.”

“పట్టనీ,” అని సూదికి దారం తగిలించుకున్నారు.

శాంతి దినం 0 (పద్నాలుగోసారి)

మధ్యాహ్నం 3.12. ఎనభై ఎనిమిది.

హెడ్‌ఫోన్లు పెట్టుకోగానే అన్నయ్య గొంతు. సత్రం నుంచి పొలాల గట్లమ్మట నడిచి వచ్చినట్టున్నాడు, రొప్పుతున్నాడు.

“సంతకం పెట్టు.”

“పెట్టను.”

“ఇది నా ఇల్లే.”

“అది తేలకే కదండీ సవరణ ఆగిపోయింది,” అంది వదిన.

సుగుణమ్మగారు నా వైపు చూశారు. నేను గాజు మూత ఎత్తి పట్టుకున్నాను. దెబ్బ పడితేనే నొక్కాలి. నొక్కినా మేజరూ కెప్టెనూ కూడి వెళ్ళేసరికి పది నిమిషాలు. నా చేతిలో ఉన్నదల్లా ఒక మీట, రెండు వందల పన్నెండు మీటర్ల అవతల ఒక గది, అందులో కట్టు కట్టిన చేతితో వదిన. ఈ వాక్యాన్ని జోకుగా మార్చే ఓపిక లేదు.

ఏదో నేలకి గీసుకుంది. కుర్చీ కావచ్చు. అడుగులు. వదిన వెనక్కి జరిగిన చప్పుడు రాలేదు. గాజులు ఒక్కసారి గలగలమన్నాయి. అన్నయ్య ఊపిరి దగ్గరైంది. చెయ్యి లేచినప్పుడు చొక్కా గుడ్డ చేసే శబ్దం నాకు తెలుసు. పదకొండు నెలలుగా విన్నాను. అది వినబడింది.

అప్పుడు అమ్మ గొంతు. ఆ చెవిలో ఇంతవరకూ ఎప్పుడూ గుసగుసే తప్ప వినబడని మనిషి, హెడ్‌ఫోన్లు పగిలేలా అరిచింది.

“చక్రం! దించరా చెయ్యి!”

గడియారంలో ఇరవై. పదిహేను. కాలవ నీళ్ళు గేటుకి కొట్టుకుంటున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

“అమ్మా, నువ్వు కూడానా?” అన్నాడు అన్నయ్య. చిన్నపిల్లాడి గొంతు.

“నేను కూడానే. ముందే అనాల్సింది. నడు.”

అడుగులు. వీధి గుమ్మం గొళ్ళెం. తర్వాత అమ్మ ఏడుపు, దానితో పాటు వదిన గొంతు: “కూర్చోండి అత్తయ్యా, కూర్చోండి. మంచినీళ్ళు తెస్తాను.”

నిమిషం అయిపోయింది. మేం ఏ మీటా నొక్కలేదు. టైరు కాదు, టపాకాయ కాదు, పశువు కాదు, ఉల్లంఘన కాదు. ‘ఇల్లు’ అని నొక్కడానికి ఇద్దరికీ చెయ్యి రాలేదు. నిమిషం దాటితే దీపం దానంతట ఆరదు. ముందు పేజీలో జరిగింది రాసి రెండు సంతకాలు పెట్టాలి. అలాంటి నమోదు ఇంతవరకూ ఒక్కటీ లేదు. ఎలా రాయాలో నియమాల పుస్తకంలోనూ లేదు.

నేను రాశాను: ఇంటి నంబరు 88. గొంతు పెరిగింది. చెయ్యి లేచింది. దెబ్బ పడలేదు. ఆపినవారు: ఇంట్లోవాళ్ళు.

సంతకం చేసి పుస్తకం గీత అవతలికి జరిపాను. సుగుణమ్మగారు కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో మాట మీదా వేలు ఆనించి చదివారు. సంతకం పెట్టారు. పేజీ కింది దాకా చూసి, వెనక్కి తిప్పారు. నా సొంత రాతలన్నీ అక్కడే ఉన్నాయి.

“ఇందులో ఖాళీ ఎంతుంది?”

“పన్నెండు పేజీలండి.”

“చాలదే,” అన్నారు. “మా ముప్పయ్యొకటికీ ఇలాంటిది రాయాలి. దాని పక్కింటికీ రాయాలి. ఇంకో పుస్తకానికి అర్జీ పెట్టు, నేను కూడా సంతకం పెడతాను.”